నవోదయలో ఆరో తరగతి సీటు: పరీక్షకు ముందే తేలిపోయే సంగతులు

ఏటా జూన్, జులైలో నవోదయ నోటిఫికేషన్ పడగానే నెట్ సెంటర్ల దగ్గర అమ్మానాన్నల సందడి మొదలవుతుంది. అప్లికేషన్‌కు ఫీజు లేదు. సెంటర్ వాడికి ఇచ్చే యాభయ్యో వందో తప్ప ఖర్చేమీ ఉండదు. అయితే కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాడు అడిగే మొదటి నాలుగు ప్రశ్నల్లోనే సగం సంగతి తేలిపోతుంది. ఏ జిల్లా? బడి పల్లెలోనా, పట్నంలోనా? పుట్టిన తేదీ ఎంత? కేటగిరీ ఏం పెట్టమంటారు? వీటిలో రెండింటికి జవాబు పిల్లాడు మూడో తరగతిలో చేరినప్పుడే ఖరారై ఉంటుంది. ఐదో తరగతికి వచ్చాక కోచింగ్‌కు ఎంత పోసినా అది మారదు. మన ఇళ్లలో చాలామందికి ఈ విషయం తెలిసేది ఫారం నింపే రోజునే.

జవహర్ నవోదయ విద్యాలయాలు కేంద్ర విద్యాశాఖ కింద పనిచేసే నవోదయ విద్యాలయ సమితివి. 1985-86లో హర్యానాలోని ఝజ్జర్‌లో, మహారాష్ట్రలోని అమరావతిలో రెండు బడులతో మొదలయ్యాయి. 1986 జాతీయ విద్యా విధానం తర్వాత జిల్లాకొకటి చొప్పున దేశమంతా వచ్చాయి, ఒక్క తమిళనాడు మాత్రం తీసుకోలేదు. ఆరో తరగతి నుంచి పన్నెండు దాకా సీబీఎస్ఈ చదువు. హాస్టల్, తిండి, యూనిఫాం, పుస్తకాలు అన్నీ ఉచితం. పల్లెల్లో చురుకైన పిల్లలను ఏరి మంచి చదువు చెప్పించడం వీటి ఉద్దేశం. అందుకే రూల్స్ అన్నీ పల్లె వైపే మొగ్గుతాయి. ఈ మాట గుర్తుంటే మిగతావన్నీ సులువుగా అర్థమవుతాయి.

ఏ జిల్లా అంటే ఏ జిల్లా?

పిల్లాడు ఏ జిల్లాలో ఉంటూ అక్కడే ఐదో తరగతి చదువుతున్నాడో ఆ జిల్లా నవోదయకే అప్లై చేయాలి. ఉండేది ఒక జిల్లా, బడి పక్క జిల్లా అంటే కుదరదు. సరిహద్దు ఊళ్ల వాళ్లు ఇక్కడే ఎక్కువగా దెబ్బతింటారు.

కొత్త జిల్లాలు వచ్చాక గందరగోళం ఇంకా పెరిగింది. ఉన్న రూలు ఇది: పాత జిల్లా ముక్కలై, కొత్త జిల్లాలో నవోదయ ఇంకా మొదలు కాకపోతే పాత జిల్లా హద్దులే లెక్క. నంద్యాల పిల్లలు ఉమ్మడి కర్నూలు జిల్లాకు ఉన్న బనవాసి నవోదయకు రాస్తారు. గుంటూరు జిల్లాకు ఇచ్చిన నవోదయ చిలకలూరిపేట దగ్గర మద్దిరాలలో ఉంది, ఆ ఊరు ఇప్పుడు పల్నాడు జిల్లాలోకి వెళ్లింది. అయినా గుంటూరు వైపు పిల్లలకు దారి మూసుకుపోలేదు. తెలంగాణలో నిజామాబాద్‌ది కూడా ఇదే కథ. పాత నవోదయ నిజాంసాగర్‌లో ఉండటంతో జిల్లాల విభజన తర్వాత అది కామారెడ్డి వాటాకు వెళ్లింది. 2024 డిసెంబర్‌లో కేంద్ర కేబినెట్ దేశం మొత్తానికి 28 కొత్త నవోదయలకు ఓకే చెప్పింది. వాటిలో ఏడు తెలంగాణకే వచ్చాయి: జగిత్యాల, నిజామాబాద్, భద్రాద్రి కొత్తగూడెం, మేడ్చల్, మహబూబ్‌నగర్, సంగారెడ్డి, సూర్యాపేట. ఈ జిల్లాల వాళ్లు నిరుడు ఎవరో చెప్పిన మాట పట్టుకోకుండా, ఈ ఏడాది ఫారంలో తమ జిల్లా పేరు కింద ఏ బడి చూపిస్తోందో చూసుకోవాలి.

హైదరాబాద్ జిల్లాకు నవోదయ లేదు. పాతబస్తీలోనో, టోలీచౌకిలోనో ఉంటూ అక్కడి బడిలోనే చదివే పిల్లలకు ఆరో తరగతిలో ఈ దారి లేనట్టే. బంధువుల ఇంటి అడ్రసు మీద రంగారెడ్డి నుంచో, మెదక్ నుంచో రాయిద్దామని కొందరు చూస్తారు. సెలెక్ట్ అయ్యాక బడి సర్టిఫికెట్, నివాస పత్రం రెండూ చూస్తారు. బండి అక్కడ ఆగిపోతుంది. పిల్లాడి పేరు లిస్టులో చూసుకుని ఇంటిల్లిపాదీ సంబరపడ్డాక ఆగడం కన్నా ముందే తెలియడం నయం.

ఒక్క రోజు పట్నం బడి

ఒక్కో నవోదయలో ఆరో తరగతికి గరిష్ఠంగా 80 సీట్లు. కనీసం 75 శాతం, అంటే 60 సీట్లు పల్లె పిల్లలకే. మిగతా 20 పట్నం కోటా అని చాలామంది అనుకుంటారు, కాదు. అవి ఓపెన్. వాటికి పల్లె పిల్లలూ మెరిట్ మీద పోటీ పడతారు. పట్నం పిల్లాడికి ఆ 20లోనే, అదీ అందరితో కొట్లాడి తెచ్చుకోవాలి.

మరి పల్లె పిల్లాడు ఎవరు? ఇల్లు పల్లెలో ఉంటే చాలదు. మూడు, నాలుగు, ఐదు తరగతులు, ఒక్కోటి పూర్తి అకడమిక్ ఇయర్, పల్లెలో ఉన్న బడిలో చదివి ఉండాలి. ఈ మూడు తరగతుల్లో ఒక్క రోజు పట్నం బడిలో చదివినా పట్నం పిల్లాడిగానే లెక్క. ఇక్కడ చూసేది బడి ఎక్కడుందన్నదే.

దీని అర్థం ఏమిటో ఒక ఇంటి లెక్కలో చూద్దాం. నరసరావుపేట దగ్గర ఒక పల్లెలో టైలరింగ్ చేసుకునే తండ్రి ఉన్నాడనుకోండి. ఇల్లు పల్లెలోనే. ఇంగ్లీషు మీడియం కావాలని బాబును మూడో తరగతి నుంచి టౌన్‌లోని ప్రైవేటు స్కూలుకు బస్సులో పంపాడు. అప్పు చేసి ఫీజులు కట్టాడు. అదే పల్లెలో మండల పరిషత్ ప్రైమరీ స్కూల్లో చదివిన పక్కింటి పిల్ల 60 సీట్ల వరుసలో నిలబడుతుంది. ఈ బాబు మాత్రం 20 సీట్ల వరుసలో. ఫీజు కట్టినందుకు పడిన జరిమానా అనుకోవాలి. ఇంకో సంగతి, పల్లెలోనే గుర్తింపు ఉన్న ప్రైవేటు బడి ఉంటే అక్కడ చదివినా పల్లె కోటా పోదు. ప్రభుత్వ బడే అయి ఉండాలని లేదు.

పల్లె, పట్నం తేడాకు 2011 జనగణన ఆధారం. ఆ తర్వాత ప్రభుత్వ నోటిఫికేషన్‌తో మున్సిపాలిటీ అయిన ఊళ్లు కూడా పట్నం కిందికే వస్తాయి. 2018 తర్వాత తెలంగాణలో ఎన్ని గ్రామ పంచాయతీలు మున్సిపాలిటీల్లో కలిశాయో చూశాం కదా. ఊరు చూడటానికి అదే ఊరు, గేదెలు అవే, బడి అదే, కాగితం మీద మాత్రం పట్నం. హెడ్మాస్టర్‌ని ఒక్క మాట అడిగితే తెలిసిపోతుంది, అడగాల్సింది మాత్రం పిల్లాడు రెండో తరగతిలో ఉన్నప్పుడు.

మన ఇళ్లకు ప్రత్యేకంగా తగిలే విషయం ఇంకొకటి ఉంది. హిఫ్జ్ కోసమో, నాజిరా కోసమో ఒకటి రెండేళ్లు బడి మాన్పించి మదరసాలో వేసే కుటుంబాలున్నాయి. అది ఆ ఇంటి నిర్ణయం. కానీ మూడు, నాలుగు తరగతులు గుర్తింపు ఉన్న బడిలో పూర్తి సంవత్సరం చదివి పాసైనట్టు రికార్డు లేకపోతే నవోదయ పరీక్షకు అర్హత ఉండదు. ఎన్ఐఓఎస్ వాళ్ల ‘బి’ సర్టిఫికెట్ కోర్సును ఒప్పుకుంటారు కాబట్టి ఆ దారి కొంత ఊరట. ఖురాన్ చదువు, బడి రికార్డు రెండూ దెబ్బతినకుండా టైమ్ ఎలా సర్దుకోవాలో ఇల్లు, ఉస్తాద్, హెడ్మాస్టర్ ముందే కూర్చుని మాట్లాడుకోవడం మంచిది.

ఒక్కటే ఛాన్స్

2026-27 ప్రవేశాలకు 2014 మే 1 నుంచి 2016 జులై 31 మధ్య పుట్టిన పిల్లలు అర్హులు. ఏటా రెండు తేదీలూ ఒక్కో సంవత్సరం ముందుకు జరుగుతాయి. ఆ బ్యాచ్‌కు మన రెండు రాష్ట్రాల్లో పరీక్ష 2025 డిసెంబర్ 13న జరిగింది. అంతకు ముందు బ్యాచ్‌కు 2025 జనవరి 18న. సంక్రాంతి అయ్యాక ఉంటుందిలే అని ధీమాగా ఉన్నవాళ్లకు నెల రోజుల చదువు పోయింది. తేదీ ప్రతి ఏడాదీ చూసుకోవాల్సిందే.

ఈ పరీక్ష ఐదో తరగతి చదువుతున్న ఏడాదే రాయాలి. ఒకసారి రాసినవాళ్లు మళ్లీ రాయకూడదు. ఈసారి రాలేదు కదా, ఐదో తరగతి ఇంకోసారి చదివించి రాయిద్దాం అన్నది పనిచేయదు. అది తెలియక ఒక ఏడాది పోగొట్టుకోవద్దు.

ఓబీసీ గడి

నవోదయలో మైనారిటీ కోటా లేదు. జిల్లా జనాభాను బట్టి ఎస్సీ, ఎస్టీ సీట్లు, 2021-22 నుంచి 27 శాతం ఓబీసీ సీట్లు, దివ్యాంగులకు కొన్ని, అమ్మాయిలకు మొత్తంలో కనీసం మూడో వంతు. ఇవీ రిజర్వేషన్లు.

ఓబీసీ అంటే ఇక్కడ కేంద్ర జాబితాలో ఉన్న ఓబీసీ. రాష్ట్రం ఇచ్చిన బీసీ సర్టిఫికెట్ చేతిలో ఉన్నంత మాత్రాన కాదు. మనవాళ్లు ఎక్కువగా పొరపాటు పడేది ఇక్కడే. రాష్ట్రంలో బీసీ-ఈ ఉంది కాబట్టి ఓబీసీ గడిలో టిక్ పెట్టేయమంటారు, నెట్ సెంటర్ కుర్రాడు పెట్టేస్తాడు. దూదేకుల, అంటే నూర్‌బాషా వర్గం రాష్ట్రంలో బీసీ-బీలో ఉంది, కేంద్ర జాబితాలోనూ ఉంది. వాళ్లకు ఇబ్బంది లేదు. బీసీ-ఈ వాళ్లు మాత్రం తమ వర్గం పేరు కేంద్ర జాబితాలో ఉందో లేదో చూసుకోకుండా ఆ గడి ముట్టుకోవద్దు. ఓబీసీ కింద సెలెక్ట్ అయి, చేరే రోజు కేంద్ర నమూనాలో సర్టిఫికెట్ చూపించలేకపోతే సీటు దక్కదు. తహసీల్దార్ ఆఫీసులో ‘కేంద్ర ప్రభుత్వ అవసరాల కోసం ఓబీసీ సర్టిఫికెట్’ అని అడగాలి. ఉత్త బీసీ సర్టిఫికెట్ అంటే రాష్ట్రానిదే ఇస్తారు.

తప్పు పడితే దిద్దుకోవడానికి చివరి తేదీ అయ్యాక రెండు మూడు రోజులు కరెక్షన్ విండో తెరుస్తారు. కేటగిరీ, పల్లె-పట్నం, పరీక్ష మీడియం లాంటి కొన్ని గడులే మారతాయి.

పేరు సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. షేక్ అన్న ఒక్క ఇంటిపేరుకు ఇంగ్లీషులో నాలుగు స్పెల్లింగులున్నాయి. ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, బడి రిజిస్టర్‌లో రెండు అక్షరాలే ఉంటాయి. మొహమ్మద్‌ది ఇంతకన్నా ఘోరం. ఆడపిల్లల పేర్లలో బేగం ఒక దాంట్లో ఉండి ఇంకోదాంట్లో ఎగిరిపోతుంది. ఫారం వచ్చాక దిద్దుదామంటే ఆధార్ సెంటర్‌లో టోకెన్ దొరకదు. నాలుగో తరగతి వేసవి సెలవుల్లోనే ఆధార్, బడి రికార్డు, పుట్టిన సర్టిఫికెట్ మూడూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. ఫారంలో ఇచ్చే మొబైల్ నంబర్ ఇంటిదే అయి ఉండాలి, నెట్ సెంటర్ వాడిది కాదు.

అప్‌లోడ్ చేయాల్సినవి: హెడ్మాస్టర్ సంతకం పెట్టిన సర్టిఫికెట్, పిల్లాడి ఫోటో, పిల్లాడి సంతకం, తల్లి లేదా తండ్రి సంతకం, ఆధార్ లేదా నివాస పత్రం. హెడ్మాస్టర్ సర్టిఫికెట్‌కు సమితి ఇచ్చిన నమూనానే వాడాలి, బడి సొంత లెటర్‌హెడ్ మీద రాసిచ్చింది చెల్లదు.

రెండు గంటలు, 80 ప్రశ్నలు

పరీక్ష ఉదయం 11.30 నుంచి మధ్యాహ్నం 1.30 దాకా. వంద మార్కులు, 80 ప్రశ్నలు, అన్నీ నాలుగు ఆప్షన్లలో ఒకటి ఎంచుకునేవే. తప్పు జవాబుకు మార్కులు కోయరు కాబట్టి ఏ ప్రశ్నా ఖాళీగా వదలకూడదు. దివ్యాంగ పిల్లలకు అదనంగా 40 నిమిషాలు ఇస్తారు.

సగం మార్కులు మెంటల్ ఎబిలిటీవే: 40 ప్రశ్నలు, 50 మార్కులు. వీటిలో చదవాల్సిన మాటలు దాదాపు ఉండవు, అన్నీ బొమ్మలు. నాలుగు బొమ్మల్లో తేడాగా ఉన్నది ఏది, వరుసలో తర్వాత వచ్చేది ఏది, అద్దంలో ఎలా కనిపిస్తుంది, మడిచి చిల్లు పెట్టిన కాగితం విప్పితే ఎలా ఉంటుంది, పెద్ద బొమ్మలో చిన్నది ఎక్కడ దాక్కుంది, ఇలాంటివి. ఇంట్లో ఇంగ్లీషు రాదని, అమ్మీకి చదువు లేదని వెనకాడే ఇళ్లకు ఇదే పెద్ద అవకాశం. పాత న్యూస్‌పేపర్, ఒక కత్తెర, చిన్న అద్దం ఉంటే సగం ప్రాక్టీస్ ఇంట్లోనే అవుతుంది. కాగితం మడిచి కత్తిరించి, విప్పే ముందు ఎలా ఉంటుందో చెప్పమనడమే. అన్నం తిన్నాక పది నిమిషాలు చాలు. వేలకు వేలు పోసే కోచింగ్‌లలో చేయించేదీ ఇదే, కాకపోతే జిరాక్స్ కాగితాల మీద.

లెక్కలు 20 ప్రశ్నలు, 25 మార్కులు. ఐదో తరగతి స్థాయి: కసాగు, గసాభా, భిన్నాలు, దశాంశాలు, కొలతలు, లాభనష్టాలు, చుట్టుకొలత, వైశాల్యం. కొట్టు మీద కూర్చునే పిల్లలకు లాభనష్టాలు కొత్తేమీ కాదు, రాసే పద్ధతే కొత్త. భాష మరో 20 ప్రశ్నలు, 25 మార్కులు. చిన్న చిన్న పేరాలు ఇచ్చి వాటి మీద ప్రశ్నలు అడుగుతారు.

ఏ భాషలో రాయాలన్నది ఫారంలోనే చెప్పాలి. రెండు రాష్ట్రాల్లోనూ తెలుగు, ఇంగ్లీషు, హిందీతో పాటు ఉర్దూ కూడా ఉంది. ఉర్దూ మీడియం పిల్లలు నిశ్చింతగా ఉర్దూలో రాయొచ్చు. అయితే పరీక్ష ఉర్దూలో ఉంది కదా అని బడి కూడా ఉర్దూ మీడియం అనుకోవద్దు. నవోదయలో ఎనిమిదో తరగతి దాకా మాతృభాష లేదా ప్రాంతీయ భాష మీదుగా తీసుకెళ్లి, ఆ తర్వాత లెక్కలు, సైన్సు ఇంగ్లీషులో, సోషల్ హిందీలో చెప్పాలన్నది పద్ధతి. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు మాట్లాడే పిల్లలైతే ఏ భాషలో వేగంగా చదవగలరో చూసి ఎంచుకోవాలి, ఏది ఇష్టమో చూసి కాదు. బడిలో తెలుగు మీడియం, ఇంట్లో ఉర్దూ మాట అయితే తెలుగే మేలు.

జవాబులు ఓఎంఆర్ షీట్ మీద నీలం లేదా నలుపు బాల్ పెన్నుతో దిద్దాలి. పెన్సిల్ పనికిరాదు, కొట్టేసి మళ్లీ దిద్దడానికి లేదు. పదేళ్ల పిల్లలు అంతవరకు బడిలో ఓఎంఆర్ చూసి ఉండరు. జవాబు వచ్చినా 34వ ప్రశ్న జవాబు 35వ వరుసలో దిద్దేస్తే అక్కడి నుంచి అంతా తప్పే. కనీసం నాలుగు సార్లు గడియారం పెట్టి ఇంట్లో దిద్దించాలి.

లిస్టులో పేరు వచ్చాక

లిస్టులో పేరు వస్తే అది తాత్కాలిక ఎంపిక మాత్రమే. కాగితాలన్నీ సరిపోతేనే సీటు. ఎవరైనా చేరకపోతే వెయిటింగ్ లిస్టు నుంచి పిలుస్తారు, పిలుపు వచ్చాక గడువు తక్కువే ఉంటుంది. అందుకే టీసీ తప్ప మిగతావన్నీ ఒక కవర్‌లో సిద్ధంగా పెట్టుకోవాలి. ఇంకో ఊళ్లో నవోదయ కటాఫ్ ఇంత అని వాట్సాప్‌లో తిరిగే అంకెలతో పనిలేదు. జిల్లా, కేటగిరీ, పల్లె-పట్నం మారితే లెక్క మారిపోతుంది.

డబ్బు సంగతి. ఎనిమిదో తరగతి దాకా ఏమీ కట్టనక్కర్లేదు. తొమ్మిది నుంచి పన్నెండు వరకు విద్యాలయ వికాస్ నిధి పేరుతో నెలకు 600 రూపాయలు. అమ్మాయిలకు, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ పిల్లలకు, దారిద్ర్య రేఖకు దిగువన ఉన్న కుటుంబాలకు ఇది కూడా లేదు. అంటే ఒక అమ్మాయి ఆరు నుంచి పన్నెండు దాకా ఏడేళ్లు రూపాయి ఫీజు లేకుండా సీబీఎస్ఈ చదువు పూర్తి చేయొచ్చు. ప్రభుత్వ ఉద్యోగుల పిల్లలకు మాత్రం నెలకు 1,500 రూపాయలు.

చేరేటప్పుడు ఒక అంగీకార పత్రం మీద సంతకం పెట్టిస్తారు. చాలామంది చదవకుండా పెట్టేస్తారు. తొమ్మిదో తరగతిలో 30 శాతం పిల్లలను ఒక ఏడాది హిందీ రాష్ట్రంలోని నవోదయకు పంపుతారు, అక్కడి పిల్లలు ఇక్కడికి వస్తారు. దాన్నే మైగ్రేషన్ అంటారు. ముఖ్యంగా ఆడపిల్లల తల్లిదండ్రులు ఈ మాట మూడేళ్ల తర్వాత విని ఉలిక్కిపడి టీసీ తీసుకెళ్లడానికి వస్తారు. ఇది మొదటి రోజు నుంచి ఉన్న షరతే. ముందే ఇంట్లో మాట్లాడుకోవాలి, అమ్మాయితో కూడా.

అమ్మాయిలకు, అబ్బాయిలకు హాస్టళ్లు వేరువేరు. నమాజు టైము, రంజాన్‌లో సహర్-ఇఫ్తార్, మాంసం వండే రోజు ఏం పెడతారు, ఇంటికి ఎన్నాళ్లకోసారి పంపుతారు, ఇవేవీ ప్రాస్పెక్టస్‌లో ఉండవు. ఫారం నింపే ముందే ఒక ఆదివారం ఆ బడికి వెళ్లి ప్రిన్సిపాల్‌ను, వార్డెన్‌ను అడిగితే సూటిగా చెబుతారు. అంతకన్నా నయం, అక్కడ చదువుతున్న మన పిల్లల తల్లిదండ్రులను కలవడం. జుమా రోజు మసీదు బయట నలుగురిని అడిగితే ఒకరైనా దొరుకుతారు.

ఆరో తరగతిలో రాకపోతే ఏడు, ఎనిమిదిలో ప్రవేశాలు లేవు. తొమ్మిదో తరగతిలో ఖాళీలుంటే ఇంకో పరీక్ష ఉంటుంది. లెక్కలు 35, సైన్సు 35, ఇంగ్లీషు 15, హిందీ 15 మార్కులకు, రెండున్నర గంటలు. 2026లో అది ఫిబ్రవరి 7న జరిగింది. దానికి పిల్లలు ఎనిమిదో తరగతి చదువుతుండాలి, ఇంట్లో ఉర్దూ వినపడే పిల్లలకు అందులోని హిందీ మిగతావాళ్లంత కష్టం కాదు. అయితే అక్షరాలు నేర్చుకోవాలి. దానికి ఏడో తరగతి వేసవి సెలవులు సరిపోతాయి.